కరెంటు పోతే?

మా భీమవరం వాళ్లకు మర్యాద కాస్త ఎక్కువ. క్లాసులో ఒకరి ప్రాజెక్టు ప్రపోజల్ ఇంకొకరికిచ్చి అభిప్రాయం రాయమంటే, అందరూ "చాలా బాగుందండి" అని రాసి చేతులు దులుపుకొనేవారు. నాకు మాత్రం వంకలు పెట్టడమంటే మహా సరదా. అమ్మ పెట్టిన పులుసు దగ్గర్నుంచి పాస్టరుగారి ప్రసంగం దాకా నేను వదిలిపెట్టింది లేదు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో, కాలేజీ ప్రాజెక్టుల పోటీకి ముందురోజు, నా పక్కన కూర్చునే అమ్మాయి ప్రపోజల్ నా చేతికొచ్చినప్పుడు, ఎర్ర పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నాను.

మొదటి పేజీ అయ్యేసరికి పెన్ను పక్కన పెట్టేశాను. రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోను మోగించే చిన్న పెట్టె అది. గాలి అందక పంటంతా చచ్చి తేలిపోవడం మా చుట్టుపక్కల అందరూ చూసిందే. ఆ భయంతోనే రైతులు రాత్రిళ్లు నిద్ర మానుకుని చెరువు గట్టు మీద కాపలా ఉంటారు. పెట్టె తనే తయారుచేసింది. నెలల తరబడి కాలేజీ ల్యాబ్‌లో నడిపి చూసింది. చిన్న కౌలురైతు కూడా కొనుక్కోగలిగే ధరకు దించింది. మొదటిది ఆ ఆదివారమే వాళ్ల నాన్నగారి చెరువులో పెట్టబోతోంది. నాతోపాటు అదే బస్సెక్కి, అదే క్యాంటీన్లో పునుగులు తినే పిల్ల ఇదంతా ఎప్పుడు చేసిందో నాకు అంతుబట్టలేదు.

పొగడడానికి మాటలు వెతుక్కుంటూ మళ్లీ చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. పెట్టె నడిచేది గట్టు మీది కరెంటుతోనే. కరెంటు పోతే నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతాయి, ఆక్సిజన్ పడిపోయేదీ అప్పుడే. సరిగ్గా అప్పుడే పెట్టె కూడా మూగబోతుంది. మా ల్యాబ్‌లో కరెంటు పోయిన మరుక్షణం జనరేటర్ అందుకుంటుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. "కరెంటు పోతే?" అని పక్కన రాసి ఇచ్చాను.

అది చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"బ్యాటరీ పెట్టొచ్చు కదే," అన్నాను.

"పెడితే ధర మారిపోద్ది. ఎంతసేపు నిలబడుద్దో కూడా చూడాలి. జడ్జీలొచ్చేది రేపే కదే!"

"బ్యాటరీ ఉంటుందని ఒక్క లైను కలిపెయ్. ఎవరడుగుతారు?"

"ఆ లైను నమ్మి మా నాన్న నిద్దరోతాడే," అంది.

మర్నాడు రొయ్యల మేత కంపెనీల పెద్దలు జడ్జీలుగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. గెలిచినవాళ్లకు వాళ్లే పెట్టుబడి పెడతారు. ఆమె మైకు అందుకుని మొదటి మాటగానే, "నా పెట్టెలో పెద్ద లోపముందండి. కరెంటు పోతే ఇది ఫోను మోగించదు. ఇప్పుడున్నదాన్ని ఎవరూ చెరువులో పెట్టుకోకండి," అంది. ఇన్నేళ్లుగా ఎందరికో తప్పులు పట్టాను. పట్టిన తప్పును ఇలా నలుగురిలో నిలబడి తన నోటితోనే చెప్పిన మనిషిని అదే మొదటిసారి చూడడం. ఆమె పక్కన కూర్చునే అర్హత నాకుందా అనిపించింది.

పెట్టుబడి వేరేవాళ్లకు వెళ్లింది. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, వాళ్ల నాన్నగారికి ఫోను చేసింది.

"పెట్టె ఇప్పుడే తేలేను నాన్నా," అంది. అవతల ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. కాసేపు విని, కళ్లు తుడుచుకుంది.

"అదేం లేదులే. ఈ ఆదివారం రాత్రికి నువ్వు ఇంట్లో పడుకో. గట్టు మీద నేనుంటాను."