పక్క కార్డులో పడ్డ పది

షూటింగ్ క్లబ్బులో ఆమెను అందరూ అతుకులమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పాతిక మీటర్ల అవతల నిలబెట్టిన చెక్క చట్రాలకు గురి కార్డులు పిన్నులతో బిగించడం, అయిదేసి గుండ్లు పేలాక వెళ్లి ఆ చిల్లుల మీద గుండ్రటి జిగురు అతుకులు వెయ్యడం ఆమె పని. నల్లటి నడిభాగంలో పడ్డ చిల్లుకి నల్ల అతుకు, చుట్టూ ఉన్న తెల్లదాంట్లో పడితే తెల్ల అతుకు. ఇంకోళ్లు పేల్చినవి పూడ్చడంలోనే పదకొండేళ్లు గడిచిపోయాయి.

ఒక సాయంత్రం సెక్రటరీగారు సభ్యులందరి ముందూ చల్లగా కబురు చెప్పారు. ఆర్నెల్లలో కరెంటు టార్గెట్లు వస్తున్నాయట. గుండు ఎక్కడ తగిలిందో తెరమీద దానంతటదే కనిపిస్తుందట. అందరూ చప్పట్లు కొట్టారు. ఖాళీ కప్పులు ఏరుతున్న అతుకులమ్మకి ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టే ఉన్నాయి. నీ గతేమిటని ఒక్కరూ అడగలేదు. మిషను కొనేటప్పుడు దాని కింద నలిగేదెవరని అడగడం మర్యాద కాదు కాబోలు.

అడిగింది కోచ్ మాస్టారు ఒక్కరే.

"కొత్తవాళ్లకి పిస్టల్ పట్టుకోవడం చూపించే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. చదువుతో పనిలేదు. క్లబ్బు పోటీలో ముప్పై గుండ్లకి రెండొందల యాభై పాయింట్లు తెచ్చుకుంటే నీదే."

"నేనా? పిస్టలా? మాస్టారూ, మీకు ఎండదెబ్బ గానీ తగిలిందా?"

"అతుకు వేసేటప్పుడు నీ చెయ్యి ఒక్కసారైనా వణికిందా చెప్పు. లక్షలు పోసి తుపాకులు కొన్నవాళ్లకి లేని చెయ్యి అది."

మొదటి నెల గుండే లేదు. ఖాళీ పిస్టల్, ఎదురుగా తెల్లగోడ. పక్కకి తిరిగి నిలబడడం, ఒక్క చెయ్యి చాచడం, గింజ జారకుండా నిమ్మచెక్క పిండినంత నెమ్మదిగా ట్రిగ్గర్ నొక్కడం. ఇంట్లో నిండు నీళ్లసీసా పట్టుకుని చెయ్యి చాచి నిలబడేది. కండక్టర్ పని చేసే మొగుడు చూసి నవ్వేవాడు.

"మాటలు విసరడంలో నీ గురి ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు కదే, మళ్లీ పిస్టల్ దేనికి?"

"పక్కకి జరుగయ్యా. సీసా నీమీద పడితే అదీ గురే అవుతుంది."

గుండ్లు ఇచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. పిస్టల్ కొసన మేకులా నిలబడి ఉండే సైటు మీదే చూపుండాలి, కార్డు మసకబారాలి. ఆమె చూపేమో పరుగెత్తి కార్డు మీద వాలేది.

"కార్డును చూడకు!" అరిచేవారు మాస్టారు.

"దాన్ని చూసే కదండీ పదకొండేళ్లు తిండి తిన్నాను? ఇప్పుడు చూడొద్దంటే కళ్లు వింటాయా?"

అయిదు నెలలకి కళ్లు విన్నాయి. విన్నాయనే అనుకుంది.

పోటీనాడు కార్డులు బిగించేందుకు వేరే మనిషిని పెట్టలేదు. పోటీదారూ ఆమే, పనిమనిషీ ఆమే. పొద్దున్నే వెళ్లేసరికి పిన్నులు నిండుకున్నాయి. అడిగితే సెక్రటరీగారు చిరాకుపడ్డారు.

"మిషన్లు వచ్చేస్తుంటే ఇంకా పిన్నులేంటమ్మా? ఉన్నవాటితో కానిచ్చెయ్."

కానిచ్చింది. చివరికి మిగిలిన వంకరపిన్నును తన కార్డు పక్కనే ఉన్న ఏడో నంబరు కార్డు మూలకి గుచ్చింది. ఆ స్థానం ఒక కాంట్రాక్టరుగారి కోడలిది.

ఇరవై అయిదు గుండ్లకి అతుకులమ్మకి రెండొందల అయిదు వచ్చాయి. చివరి అయిదింటికి నలభై అయిదు తెస్తే చాలు. నాలుగు పేల్చింది, బాగానే పడ్డట్టు చెయ్యికి తెలుస్తోంది. అయిదోదానికి చెయ్యి ఎత్తుతుంటే గాలి వీచింది. ఏడో కార్డు మూల ఊడి టపటపా కొట్టుకుంది.

ఊడిన మూల కనిపిస్తే చాలు, ఆమె కళ్లు ఆగవు. చూపు అటు పోయింది. చూపు వెనకే చెయ్యీ పోయింది. మళ్లీ సైటు మీదికి వచ్చేసరికి దాని వెనక మసగ్గా ఒక నల్లచుక్క ఉంది. ఎవరి చుక్కో ఆమె చూడలేదు. ట్రిగ్గర్ వెన్నలా కదిలింది. బతుకులో అంత మంచి గుండు పేల్చలేదనుకుంటూ పిస్టల్ కింద పెట్టింది.

లెక్కించేందుకు అందరూ నడిచారు. ఆమె కార్డులో చిల్లులు నాలుగు. ఏడో కార్డులో ఆరు. ఆ ఆరింటిలో ఒకటి పది పాయింట్లిచ్చే నడి వలయం మధ్యలో, సున్నా చుట్టినంత అందంగా ఉంది.

"ఆ పది నాది," అంది అతుకులమ్మ.

"నీ మాట కొలబద్ద కాదమ్మా," అన్నారు సెక్రటరీగారు. "ఏ చిల్లు ఎవరిదో తేలకపోతే ఎక్కువ విలువున్న అయిదూ కార్డు సొంతదారుకే. నీ గుండు సున్నా."

"పొద్దున పిన్నులడిగితే ఇచ్చారా మీరు?" మాస్టారి గొంతు లేచింది.

"మాస్టారూ, రూలు అందరికీ ఒకటే."

ఈ మాట ఎప్పుడూ తలుపు గడియ చేతిలో ఉన్నవాళ్ల నోటినుంచే వస్తుంది. నాలుగు గుండ్లకి ముప్పై ఎనిమిది. మొత్తం రెండొందల నలభై మూడు. ఆ పది కలిస్తే రెండొందల యాభై మూడు. కాంట్రాక్టరుగారి కోడలికి ఆ పదితో మూడో బహుమతి వచ్చింది. పాపం, చెడ్డపిల్లేం కాదు.

"సారీ ఆంటీ," అంది నేలచూపులు చూస్తూ. తీసుకోనని మాత్రం అనలేదు.

మాస్టారు టోపీ తీసి చేత్తో నలిపారు. వచ్చే ఏడాది ఉందిగా అనడానికి వచ్చే ఏడాది ఆమె ఈ గేటు దాటి లోపలికి రాదు.

"తరవాతి జట్టు కాచుకుని ఉంది. కార్డులు సిద్ధం చెయ్యాలి," అన్నారు సెక్రటరీగారు, ఎవరితోనూ కాదన్నట్టు. అక్కడ ఆ పని చేసే మనిషి ఒక్కతే.

అతుకులమ్మ ఏడో కార్డు మూల సరిచేసి, తన జడపిన్ను తీసి దానికి గుచ్చింది. చిల్లులు ఒక్కొక్కటే పూడ్చింది. పదిని ఆఖరికి ఉంచింది. జేబులోంచి నల్ల అతుకు తీసి, దానిమీద పెట్టి, అంచులు లేవకుండా బొటనవేలితో గట్టిగా నొక్కింది. చెయ్యి వణకలేదు. అక్కడ చిల్లు ఉండేదంటే ఇక ఎవరూ నమ్మరు.