చౌడు చెక్కలో జీలుగ

మా చెల్లెలు మొట్టమొదట సాధించింది నడుమెత్తు జీలుగ. ఎకరన్నర చౌడు చెక్కలో, రెండేళ్ళు ఓడిపోయాక, మూడో ఏట.

ఆ చెక్క వాళ్ళ బావగారి దయ. పంపకాల్లో కాలువ పక్క నల్లనేల తను ఉంచుకుని, ఎండితే సున్నం కొట్టినట్టు తెల్లబడేదాన్ని తమ్ముడి ముఖాన కొట్టాడు. పైగా షరతు: మూడో ఏడు కోతలకి వరి పండితే చెక్క చెల్లెలి పేరున రాసిస్తాడు, పండకపోతే ఆయన ఇటుకల బట్టీకి వదిలెయ్యాలి. కాగితం రాసింది నేనే. నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఏ కాగితమైనా నా చేతిదే. అయిదో తరగతిలో దస్తూరీకి బహుమతి నాది. ఆయన తన పేరులోనే రెండు తప్పులతో సంతకం పెట్టాడు.

మొదటి ఏడు ఆయన సలహా విని చెల్లెలు పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లింది. వారం నీళ్ళు నిలవగానే కుళ్ళిపోయింది. జనుముకి నిలవ నీరు పడదని గొర్రెలకి కూడా తెలుసు. రెండో ఏడు పెసర మొలకలు ఉప్పుకి మాడిపోయాయి. ఆయన గట్టు మీద నిలబడి పలకరించాడు.

"ఏమ్మా, ఉప్పు పండిస్తున్నావా? మా ఇంటికీ ఓ డబ్బా పంపు."

"పంపుతాను బావగారూ. మీ ఇంట్లో ఉప్పు తినడం మానేసినట్టున్నారు."

మూడో ఏడు రోడ్డు పక్క చౌడు గుంటలో, మోకాలిలోతు నీళ్ళలో ఏపుగా నిలబడ్డ జీలుగ ఆమె కంటబడింది. పీకి చూస్తే మునిగిన కాండం చుట్టూ బెండులాంటి పొర, వేళ్ళకి బుడిపెలు. ఆ పొరతో గాలి పీల్చుకుని, ఉప్పుని ఓర్చుకుని బతికే మొక్క. దాని విత్తనమే తెచ్చి ఒత్తుగా చల్లింది.

నలభై అయిదో రోజు, పూత రాకముందే మట్టిలో కలిసేలా దున్నెయ్యాలి. అది కుళ్ళితేనే చౌడు విరిగి వరికి ఎరువవుతుంది. ముదిరితే కాడ కట్టెబారి కుళ్ళదు. ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరూ బావగారిదే. బెల్టు తెగిందని కబురు పెట్టాడు. ఆ మధ్యాహ్నమే అది ఇటుకలు మోసుకుంటూ మా అరుగు ముందు నుంచే పోయింది. అబద్ధానికైనా కాస్త తెలివి ఉండాలి.

చెల్లెలు బతిమాలలేదు. మొగుడూ పెళ్ళాం కొడవళ్ళతో కోసి, మూడు రోజులు బురదలోకి తొక్కారు. డెబ్బై ఏళ్ళ వయసులో నేనూ ఓ మడి ఒంటరిగా తొక్కాను. కుళ్ళింది. వరి నాటారు. పండింది.

బావగారు ఓ కంకి తుంచి, అంతా తాలే అన్నాడు.

"కొరికి చూడండి. పన్ను విరిగితే పూచీ నాది," అంది చెల్లెలు.

కొరికాడు. గింజ నమిలి మింగి, గట్టు దిగి పోయాడు.

ఇప్పుడు చెక్క చెల్లెలి పేరున రాయించడానికి అంతా పట్నం వెళ్ళారు. బావగారి సంతకం కావాలి కదా, ఆయనా వెళ్ళాడు, బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడుతూ. పని పూర్తి చేసుకుని చెల్లెలు తిరిగొచ్చేది ఈ నెల పందొమ్మిది, బుధవారం.