పాప వదిలిపెట్టిన తాబేలు

మొన్నొక పొద్దున వంటింట్లో పెనం మీద ఖుబ్బూస్ రొట్టెలు వేడిచేస్తుంటే ఫోను మోగింది. రాయచోటి నుంచి మా కోడలు ఒక వీడియో పంపింది. ఏదో విమానాశ్రయంలో సూట్‌కేసు తెరిస్తే బట్టల మధ్య చిన్న చిన్న తాబేళ్ళు, ఒక్కొక్కదాన్ని గుడ్డలో చుట్టి, కాళ్ళు కదలకుండా టేపు అంటించి, గాజుల పెట్టె సర్దినంత పొందికగా పేర్చి ఉన్నాయి. "అత్తా, ఇవి మన పక్కవేనంట చూడు" అని కింద రాసి, ఏడుపు బొమ్మ ఒకటి పెట్టింది. మా కోడలు మంచి పిల్లే గానీ, ఎంత ఘోరానికైనా ఒక బొమ్మ పెట్టి చేతులు దులుపుకుంటుంది. నాకు మాత్రం రొట్టె మాడిన వాసన వచ్చేదాకా చూపు ఆ ఫోను మీంచి కదల్లేదు.

నాలాగే ఇఖామా మీద ఇఖామా, అదే ఇక్కడుండే పర్మిట్టు, కొట్టించుకుంటూ ఈ కువైట్‌లోనే జుట్టు నెరిపించుకున్న వాళ్ళకు మొదటి రోజులు ఎట్లా గడిచాయో నేను చెప్పనక్కర్లేదు. ఊరికి ఫోన్ చెయ్యాలంటే గీకే కార్డు కొనాలి, అది మన ఏడుపు అయ్యేలోగా అయిపోతుంది. నేనీ ఇంటికి వచ్చి ఏడాది తిరిగినప్పటి మాట ఇది. మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, ఒక్కతే ఆడపిల్ల, రెండో తరగతో మూడో తరగతో చదువుతుండేది. కారు నడిపే అబ్బాయి కోనసీమ వాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు, నేను డ్రైవరు తమ్ముడూ అనేదాన్ని. అది విని పాప కూడా అక్కా అనడం మొదలుపెట్టింది. నాకు వచ్చిన అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. ఉప్పు, నీళ్ళు, కడుగు, తీసుకురా, యల్లా. అంతకు మించి ఎవరైనా మాట్లాడితే తల ఊపేదాన్ని, దేనికి ఊపానో దేవుడికే తెలియాలి.

పాప పుట్టినరోజుకు బాబా, అంటే ఆ ఇంటి యజమాని, శుక్రవారం సంతలో కొని ఒక గాజుపెట్టె తెచ్చాడు. అందులో ఇంత ఇసుక, ఒక దీపం, దీపం కింద అరచేయంత తాబేలు. నల్లటి చిప్ప మీద మధ్యనుంచి నాలుగు వైపులకూ పసుపు గీతలు. నేను పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఓయమ్మా, ఇది మా ఊరిదే! పుస్తకాల్లో నక్షత్ర తాబేలంటారట, మాకు వట్టి తాబేలే. తొలకరికి చెనిక్కాయ పొలం దున్నేటప్పుడు చాలు పక్కన కనబడితే మా నాయన ఎద్దుల్ని ఆపి, రెండు చేతులా ఎత్తి, గట్టున కంపచెట్టు కింద వదిలి, మొహం పైకెత్తి వాన జాడ చూసేవాడు. మా అమ్మ చూస్తే సాక్షాత్తు విష్ణుమూర్తి అని ఇంత పసుపు పెట్టేది. దాన్ని ఇంటికి తెచ్చి పెంచుకోవాలని మాకు ఎవరికీ తోచలేదు. తర్వాత తర్వాత మోపెడ్ మీద ఎవరో వచ్చి ఊళ్ళల్లో గోతాల్లో వేసుకుని పోతున్నారని విన్నాను గానీ, ఎక్కడికి పోతాయో ఆ గాజుపెట్టె చూసేదాకా నాకు తెలియదు.

కొత్త మోజు పోయాక దాని తిండీ తిప్పలూ నా నెత్తిన పడ్డాయి. ఏసీ చలికి అది ముడుచుకుని మూలకు నక్కేది. లెట్యూస్ ఆకు వేస్తే మూతి తిప్పుకునేది. చిప్ప మెత్తబడుతోందని వేలితో నొక్కితే తెలిసింది. బట్టలు ఆరేసేందుకు మిద్దెమీదికి పోయేటప్పుడు బకెట్‌లో దాన్నీ వేసుకుని పోయి ఎండలో వదిలేదాన్ని. జమియాలో, అదే ఇక్కడి సరుకుల కొట్టులో, బర్బీర్ అని కట్టలుకట్టి అమ్మే ఆకు మన గంగపాయలాకేనని ఆ వారమే కనిపెట్టాను. ఒక కట్ట తెచ్చి ముందర పెడితే, అబ్బ, ఎంత ఆత్రంగా తిన్నదో! ఊరి రుచి తెలిసిందా నీకు అని నేను నవ్వి, నవ్వుతూనే ఏడ్చాను. పాప కూడా నాతో మిద్దె ఎక్కేది. తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో, నాకొచ్చిన అరబ్బీతో, మా పొలం గురించీ వాన గురించీ ఆ పిల్లకు చెప్పేదాన్ని. అక్కడి తాబేళ్ళు ఎక్కడికంటే అక్కడికి పోతాయని చేతులతో చూపించేదాన్ని. కొన్ని నెలలకు చిప్ప గట్టిపడింది. అంత సంతోషం ఆ ఇంట్లో నాకు అంతకుముందు కలగలేదు.

అంతలో చలికాలం వచ్చింది. బడిలో ఒక టీచరు అడవి జంతువుల గురించి పాఠం చెప్పిందట, వాటిని కొనకూడదు, బంధించకూడదు, అవి స్వేచ్ఛగా బతకాలి అని. ఎంత మంచి మాట! పాప ఇంటికొచ్చి గాజుపెట్టె ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని విడిచిపెడితే గానీ అన్నం తిననంది. బాబా కూడా కరిగిపోయాడు. శుక్రవారం ఎడారిలో గుడారం వేస్తున్నాం కదా, అక్కడ వదిలేద్దాం అన్నాడు. చలికాలం వస్తే కువైటీలు గుడారాలు వేసుకుని సెలవురోజులు ఎడారిలో గడుపుతారని మీకు తెలుసు. అక్కడ పగలు బాగానే ఉంటుంది, రాత్రి మాత్రం పళ్ళు టకటకలాడతాయి. పచ్చికా, నీడా, నీళ్ళూ లేని ఆ ఇసుకలో ఈ ప్రాణి రెండు రాత్రులు కూడా బతకదని ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

పాప దగ్గరికి పోయి, అది దీని ఊరు కాదమ్మా అని చెప్పబోయాను. నువ్వే చెప్పావుగా అక్కా, ఇవి బయటే తిరుగుతాయని, అంది ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. జంతుప్రదర్శనశాల వాళ్ళకు ఫోన్ చెయ్యరా నాయనా అని డ్రైవరు తమ్ముణ్ణి బతిమాలాను. "ఆయ్, నేను చెయ్యనా అక్కా! కానీ ఆళ్ళు ముందు అడిగేదే ఇది ఎక్కణ్ణుంచొచ్చిందని. బాబా పేరు చెప్పాలి. ఇంక మనిద్దరం ఇంటికెళ్ళి కూకోడమే" అన్నాడు. వాడి మాటా నిజమే. ఊళ్ళో మా అన్నకు ఫోన్ చేసి, నేను వచ్చేటప్పుడు తెస్తే గట్టున వదులుతావా అని అడిగితే గయ్యిమన్నాడు. "ఏంది మే, పిచ్చి గిన పట్టిందా? ఈడ చేత్తో పట్టుకుంటేనే ఫారెస్టోళ్ళు ఎత్తకపోతాండారు. గమ్మునుండు" అన్నాడు. దొంగతనంగా వచ్చినదాన్ని ఇంటికి చేర్చాలన్నా దొంగతనమే చెయ్యాలట, ఏం న్యాయమో!

చివరికి మామా కాళ్ళ దగ్గర కూర్చున్నాను. చలి, రాత్రి, చావు, ఈ మూడు మాటలూ అరబ్బీలో నాకు వచ్చు. అవే మార్చి మార్చి చెప్పాను, రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని వణికి చూపించాను. ఆమె మనసు వెన్న, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. లేచి లోపలికి పోయి తన పాత ఉన్ని కోటు తెచ్చి నా భుజాల మీద కప్పింది. ఎడారిలో చలికి చచ్చిపోతానని నేను భయపడుతున్నాననుకుంది. నేను కాదు కాదు అని తల అడ్డంగా ఊపుతుంటే, ఇస్తే మొహమాటపడుతున్నాననుకుని, ఖలాస్, ఇది నీకే అంది.

శుక్రవారం సాయంత్రం గుడారాలకు కొంచెం దూరంగా, ఎండుపొదలు నాలుగున్న చోట, అందరం నిలబడ్డాం. పాప దాని చిప్పకు ముద్దుపెట్టి ఇసుకలో వదిలింది. బాబా ఫోనులో వీడియో తీశాడు. అది చాలాసేపు తల బయటపెట్టలేదు. తర్వాత మెల్లగా మెడ చాచి, అటూ ఇటూ చూసి, తిన్నగా మా కారు కిందికి పాకింది. నన్ను వదిలి పోనంటోంది అని పాప మురిసిపోయింది. డ్రైవరు తమ్ముడు వంగి దాన్ని తీసి మళ్ళీ పొదల దగ్గర పెట్టాడు, నా వైపు చూడకుండా. నేను కొంగులో దాచి తెచ్చిన గంగపాయలాకు దాని ముందర పడేశాను. అంతకన్నా నేను చేయగలిగింది ఏముంది? ఆ రాత్రి గుడారంలో ఉన్ని కోటు కప్పుకుని పడుకున్నాను. వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనానికి నా మీద నాకే అసహ్యమేసింది. మర్నాడు తెల్లారకముందే లేచి పొదలన్నీ వెతికాను. ఆకు ఉంది, అది లేదు. ఎంతోసేపు ఇసుకలో చేతులు పెట్టి తడిమాను. యల్లా, టీ పెట్టు అని గుడారంలోంచి పిలుపు వస్తే వచ్చేశాను. తర్వాత పనిమీద అటు వెళ్ళినప్పుడు డ్రైవరు తమ్ముడు కూడా చూశాడు. "కనబడలేదక్కా" అన్నాడు, అంతే.

ఆ పాప ఇప్పుడు తనే టీచరు. సెలవురోజుల్లో తోటివాళ్ళతో కలిసి సముద్రం ఒడ్డున ప్లాస్టిక్ ఏరుతుంది. అడవి ప్రాణుల్ని కొనకండి, పెంచకండి అని బడిబడికీ పోయి చెబుతుంది. నా చేతి ముద్దలు తిని పెరిగిన పిల్ల, నాకు గర్వం ఉండదా? ఉంది, దాచుకోలేనంత ఉంది. ఎక్కడ మాట్లాడినా తన తాబేలు కథతోనే మొదలుపెడుతుంది. ఆ కథ విని, ఇంట్లో చిలకల్నీ కోతిపిల్లల్నీ కొనిమ్మని మారాం చేయడం మానేసిన పిల్లలున్నారట. పోయిన నెల నన్నూ తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టి, ఆ రోజు నా పక్కన ఉన్నది ఈ అక్కే అని అందరికీ చూపించింది. వెనకనుంచి ఒక చిన్నపిల్ల లేచి, ఆ తాబేలు ఇప్పుడు ఎక్కడుంది అని అడిగింది. పాప నవ్వుతూ నా వైపు తిరిగి, నువ్వు చెప్పక్కా అంది.

బాగుంది తల్లీ, పిల్లాజెల్లాతో హాయిగా ఉండి ఉంటుంది అన్నాను. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు, పాప కూడా కొట్టింది.

కాలం మారలేదని ఎవరనగలరు? నేను వచ్చిన రోజుల్లో ఏ ప్రాణి ఏమైపోయినా అడిగేవాళ్ళు తక్కువ. ఇప్పుడు ఇంతింత పిల్లలు లేచి నిలబడి అడుగుతున్నారు. నేనూ మారాను. ఆ రోజు నాకు అరబ్బీ రాక చెప్పలేకపోయాను. ఇవాళ అరబ్బీ అంతా వచ్చు, పాప మొహం చూస్తే నోరే రాలేదు.