విశాఖపట్నం రేవులో ఓడవాళ్ళ స్తంభం చూసివచ్చిన సంగతి

మన కొమరోలు చుట్టుపక్కల పల్లెల నుంచి యుద్ధానికి పోయిన పిల్లలు చాలామంది తుపాకీ పటాలాల్లో చేరారు. మా పల్లె నుంచి ఓడలోకి పోయినవాడు మా పెద్ద మనవడు సామేలు ఒక్కడే. కంభం చెరువును మించిన నీళ్ళు చూడని పిల్లవాడు నేవీలో చేరాడు. యుద్ధం ముగిసే రోజుల్లో వాడి ఓడ మునిగిందని తంతి వచ్చింది. పాస్టరుగారు చదివి చెప్పారు. అందరమూ ఏడ్చాము. వాడి తల్లి, మా కోడలు మార్తమ్మ, ఏడవలేదు. "శవమేది?" అని ఒక్క మాట అడిగి పొయ్యి దగ్గరికి పోయింది.

చిన్న మనవడికి రాచర్లలో పిల్లను మాట్లాడి పెట్టుకున్నాము. "పెద్దోడు రాకుండా చిన్నోని పెళ్ళేంది?" అని మార్తమ్మ పట్టు. పిల్ల తరఫువాళ్ళు చూసి చూసి, ఈస్టరు దాటితే ఇక ఆగలేమని కబురు పెట్టారు. ఆ సమయంలోనే పొరుగూరి సిపాయి ఒకడు సెలవు మీద వచ్చాడు. సామేలు ఓడవాళ్ళ కోసం విశాఖపట్నం రేవు దగ్గర నల్లరాతి స్తంభం నిలబెట్టారని, దాని మీద పేర్లు చెక్కారని, లారీలో పోతూ చూశానని చెప్పాడు. శవం లేకపోయినా రాతి మీద పేరు చూస్తే మార్తమ్మ మనసు ఒక దారికి వస్తుందనుకున్నాను. ప్రయాణం పెట్టుకున్నది అందుకే. మీలోనూ పిల్లల్ని అట్లా పోగొట్టుకున్న తల్లులున్నారు గనుక దారీ ఖర్చూ చూసినవీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. మిషను బడిలో నేను చదివింది కొద్దిగానే. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

మట్టల ఆదివారానికి ముందు సోమవారం పొద్దున్నే కొమరోలులో నేనూ మార్తమ్మా బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాము. ఎత్తు వచ్చినచోటల్లా అది ఆగిపోతుంది. ఎక్కినవాళ్ళు దిగి నడవాలి, మగవాళ్ళు తొయ్యాలి. గిద్దలూరు చేరాక కండక్టరును నిలేశాను.

"సగం దారి నడిచినాం గదా నాయనా, సగం డబ్బులు ఇయ్యి."

"నువ్వు దిగినంక బండి తేలికైంది అవ్వా, దానికి నేనేమన్నా అడిగినానా?" అన్నాడు. డబ్బులు ఇవ్వలేదు.

గిద్దలూరులో పది గంటల బండి పన్నెండుకు వచ్చింది. బెజవాడకు మూడో తరగతి టికెట్లు తీసుకొని ఆడవాళ్ళ పెట్టెలో కూర్చున్నాము. జొన్నరొట్టెలు, పచ్చిమిరప కారం మూట కట్టుకున్నాను గనుక దారిలో తిండికి ఖర్చు లేదు. స్టేషన్లలో కాఫీ అమ్ముతారు. వేడినీళ్ళకు డబ్బులు దండగ. తిండిమూట కాక నా ఒడిలో మూత బిగించిన డబ్బా ఒకటి, ఈతమట్ట చివర నలగ్గొట్టి చేసుకున్న కుంచె ఒకటి ఉన్నాయి.

కంభంలో ఒక సాయెబుల ఆమె ఎక్కింది. కూతురి కాన్పుకు గుంటూరు పోతోంది. తమలపాకులు తీస్తూ నా డబ్బా మీద కన్నేసింది.

"నెయ్యా అవ్వా?"

"సున్నం."

"యా అల్లా! విశాఖపట్నందాకా సున్నం మోస్తారా? ఆడ దొరకదా ఏంది?"

"దొరుకుద్ది. కొనాల గదా."

ఆమె విరగబడి నవ్వి, "అయితే నా ఆకుకు రవ్వంత పెట్టు" అని చెయ్యి చాపింది. "సమాధికి వేసేది నోట్లో పెట్టుకుంటావా?" అనగానే చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈస్టరు ముందు మావాళ్ళు సమాధులన్నిటికీ సున్నం వేస్తారని, సున్నం పడని సమాధిని చూస్తే వెనక ఎవరూ లేని దిక్కులేనివాళ్ళదని అనుకుంటారని చెప్పాను. ఎవరి సమాధి అని ఆమె మార్తమ్మను అడిగింది.

"ఎవరిదీ కాదు. అత్త చూడాలంటది, తోడు పోతున్నా" అంది మార్తమ్మ.

నాకు కోపం వచ్చింది. "రాతి మీద వాని పేరు ఉంటే అప్పుడు నమ్ముతావా?" అని పదిమందిలోనే అడిగాను.

మార్తమ్మ కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. "ఉంటే నమ్ముతా. ఊరికి పోయినంక చిన్నోని పెళ్ళి నేనే చేస్తా. లేకుంటే వాడు ఉన్నాడని నువ్వు నమ్మాల అత్తా. మళ్ళా నా ముందర వాడు పోయినాడనే మాట ఎవరూ ఎత్తకూడదు."

"సరే" అన్నాను.

"పెద్ద మాట ఇచ్చినావు అవ్వా" అంది సాయెబుల ఆమె.

"మంది చెప్పేది వేరు, రాయి చెప్పేది వేరులే" అన్నాను. ఆమె గుంటూరులో దిగేటప్పుడు మార్తమ్మ తల నిమిరి, నా వంక చూడకుండా పోయింది.

రాత్రి బెజవాడ స్టేషను ముసాఫరుఖానాలో పడుకొని మరునాడు ఉదయం వాల్తేరు బండి ఎక్కాము. ఇది పెద్ద బండి. జనం కూడా అంతే. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన మీద అందరూ నీళ్ళలోకి డబ్బులు విసిరారు. నేను విసరలేదు. మార్తమ్మ మాత్రం వంతెన దాటేదాకా నీళ్ళనే చూసింది.

"వాడు కంభం చెరువులో ఆ గట్టు నుంచి ఈ గట్టుకు ఈదేవాడు అత్తా."

"సముద్రానికి అవతలి గట్టు లేదు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం వాల్తేరులో దిగాము. మన పాస్టరుగారు ఇచ్చిన చీటీ పట్టుకొని అక్కడి గుడి ఆవరణలో ఉండే, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ సుందరమ్మగారి ఇంటికి పోయాము. ఇంగ్లీషు వచ్చిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. వరండాలో చోటిచ్చి, అన్నంలో చేపల పులుసు పోసింది. బస ఖర్చు తప్పింది. పోయేవాళ్ళు ఇక్కడి నుంచి ఒక చీటీ పట్టుకుపోతే మంచిది.

మరునాడు ఉదయం ఆమె మమ్మల్ని ముందుగా పాత ఊళ్ళో దొరల సమాధుల తోటకు తీసుకుపోయింది. ఓడ కెప్టెన్లు, వాళ్ళ ఇల్లాళ్ళు, పసిపిల్లలు అక్కడ ఉన్నారు. ఒక సమాధి మీద లంగరు చెక్కి ఉంది, తాడు పురులు కూడా కనపడేటట్టు. సమాధులన్నీ పాచి పట్టి నల్లబడ్డాయి, ఒక్కదానికీ సున్నం లేదు. ఎక్కడి దేశంవాళ్ళో, ఎవరు వస్తారు వేయడానికి! ఆ తరువాత గుడిలో గోడకు బిగించిన ఇత్తడి రేకులు చూపించింది. ఫలానా దొర, ఫలానా ఓడ, జ్వరంతో పోయాడు, మరొకాయన తుఫానులో పోయాడు అని ఒక్కొక్కటీ చదివి చెప్పింది. ఎప్పుడో పోయినవాళ్ళకు పేరు, ఊరు, తండ్రి పేరు కూడా ఇంత శ్రద్ధగా రాయించారే, నిన్న మొన్న పోయిన మావాడికి రాయించి ఉండరా అని నాకు ధైర్యం కలిగింది. మార్తమ్మ మొహం చూశాను. రంగు పోయి ఉంది. నమ్మబోతోందనుకున్నాను.

అక్కడి నుంచి రేవుకు జట్కా మాట్లాడాము. ఆరణాలు అడిగినవాణ్ణి మూడణాలకు దింపాను.

"ఏ ఊరు మామ్మా మీది? మాటలు సాగదీత్తన్నారు" అన్నాడు జట్కావాడు.

"నీ గుర్రం సాగడం లేదు గాని మా మాటలు సాగినాయా?"

"దానికీ నీలాగే ఒయిసైపోనాది మామ్మా, ఏటి సేత్తాం!"

సుందరమ్మగారు నవ్వింది. మార్తమ్మ నవ్వలేదు.

రేవు గేటుకు ఇవతల, రోడ్డు పక్కన ఎత్తుగా స్తంభం కనపడింది. నల్లరాయి, మొహం కనపడేటంత నునుపు. చుట్టూ ఇనుప గొలుసు. ఎదురుగా సముద్రం, అడ్డంగా పెద్ద కొండ. దొరలూ వర్తకులూ చందాలు వేసుకొని కట్టించారట. ఇంగ్లీషు అక్షరాలు పై భాగంలో ఉన్నాయి. సుందరమ్మగారు జట్కావాడికి డబ్బులిచ్చి వచ్చేలోపల నేను ఆగలేకపోయాను. పక్క కుళాయి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి సున్నం కలిపాను. గొలుసు దాటి, స్తంభం అడుగున అరుగుకు ఒక వైపు తెల్లగా వేశాను.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "ఏటి మామ్మా ఇది! రాయి పాడుసేత్తన్నావేటి?"

"పాడు చేసేదేంది? నా మనవడిది. సున్నం లేకుంటే దిక్కులేనోడనుకోరా?"

"దొరలు సూత్తే నా నౌకరీ పోద్ది తల్లీ!"

ఆ కేకలకు సుందరమ్మగారు వచ్చి వాణ్ణి శాంతపరిచింది. "ముందు పేరు చూద్దాం పెద్దమ్మా" అని తలెత్తి చదవడం మొదలుపెట్టింది. మొదట ఓడ పేరు. తరువాత కెప్టెను. ఆయన కింద నలుగురు దొరలు. ఒక్కొక్క పేరుకూ మార్తమ్మ పెదవులు కదిలాయి. నలుగురూ అయ్యాక సుందరమ్మగారు ఆగింది. చివరి వరుసను రెండుసార్లు లోపల చదువుకుంది.

"'వారితోపాటు మునిగిన నావికులు' అని ఉంది" అంది.

"వాని పేరు?" అన్నాను.

"పేర్లు లేవు పెద్దమ్మా. నావికులు అంటే అందరూ వచ్చినట్టే. మీవాడూ అందులో ఉన్నట్టే."

మార్తమ్మ ఒక్కసారిగా ఊపిరి వదిలింది. తంతి వచ్చిన నాటి నుంచి నేను ఎరగని నవ్వు దాని మొహంలోకి వచ్చింది. "ఉన్నట్టే ఏంది అక్కా? అయిదుగురివి చెక్కినోళ్ళకు ఇంకొకటి చెక్కేదానికి చేతులు నొప్పా? ఉంటే చెక్కేవాళ్ళే. నా కొడుకు లేడు దీంట్లో" అంది.

ఏమి చెప్పాలి? చెక్కకుండా వదిలేసేవాళ్ళు కూడా ఉంటారని చెప్పాలా? మన పిల్లలకు పేర్లెందుకని దొరలు అనుకున్నారని చెప్పాలా? సుందరమ్మగారు నా వంక చూసింది, నేను స్తంభం వంక చూశాను. ఇంతలో మార్తమ్మ చెంబులో మిగిలిన నీళ్ళు అరుగు మీద పోసి, కొంగు తడిపి, నేను వేసిన సున్నం తుడవసాగింది.

"మనది కానిదానికి సున్నమెందుకత్తా?" అంటూ శుభ్రంగా కడిగేసింది. కాపలావాడు సంతోషించి మరో చెంబు నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ సాయంత్రమే బండి ఎక్కాము. పోయేటప్పుడు రొట్టె ముక్క కొరకని మార్తమ్మ, తునిలో ఇడ్లీలు కొనమని అడిగి తిన్నది. కొన్నాను, బేరం కూడా ఆడలేదు. బెజవాడలో మారాక మా పెట్టెలో నర్సరావుపేట పోయే ఒకామె కూర్చుంది. మార్తమ్మ ఆమెతో ఆపకుండా మాట్లాడింది. పెద్దోడు ఓడలో ఉన్నాడు, రాగానే ఇద్దరికీ ఒకే పందిట్లో పెళ్ళి చేస్తా, పెద్దోనికి ఇంకా పిల్లను చూడాల అని.

"అదృష్టం మామ్మగారూ, ఇద్దరు మనవళ్ళ పెళ్ళి ఒకేసారి! పెద్దబ్బాయి ఎప్పుడొస్తాడు?" అని ఆమె నన్ను అడిగింది.

పెట్టెలోవాళ్ళంతా నా వైపు తిరిగారు. మార్తమ్మ కూడా నన్నే చూస్తోంది. పిల్లలు అబద్ధమాడితే వాత పెట్టిన మనిషిని నేను.

"సెలవు దొరికినప్పుడు" అన్నాను.

గురువారం మధ్యాహ్నానికి గిద్దలూరు, చీకటి పడే వేళకు ఇల్లు చేరాము. రాచర్లవాళ్ళు ఆగలేదు. ఈస్టరు అయ్యాక ఆ పిల్లను వేరే ఊరికి ఇచ్చారు.

విశాఖపట్నం చూడదగిన ఊరే. గాలి మంచిది, చేపలు చవక, ఓడలు కొండలంతేసి ఉంటాయి. ఓడవాళ్ళ కోసం కట్టినవి మూడు చోట్లా చూడవచ్చు, టికెట్టు లేదు. పోవాలనుకున్నవాళ్ళు పోండి. కాని ముందు మీరు ఒక్కరే పోయి, ఆ రాతి మీద ఎవరెవరి పేర్లు ఉన్నాయో చదివించుకొని రండి. తల్లిని మాత్రం అప్పుడే తీసుకుపోకండి.