భయపడిన బండ్ల సారు

మా పెయింటింగ్ సార్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేనొక కారు బానెట్ మీద చివరి పూత వేస్తున్నాను. పెయింట్ గది తలుపుకున్న అద్దం మీద మునిరత్నం వేలితో తట్టాడు. చేతిలో ఫోన్ ఉంది. తల అడ్డంగా ఊపాడు. అతనూ నేనూ హోసూరులో ఒకే బ్యాచ్‌లో ఈ పని నేర్చుకున్నవాళ్ళం, ఇప్పుడు కలిసి షెడ్డు నడుపుతున్నాం. ముఖం చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. కానీ పూత మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది. పూర్తి చేసి, స్ప్రే గన్ పక్కన పెట్టి, మాస్కు తీసి బయటికి వచ్చాను.

"సామల్పట్టి నుంచి ఫోన్ వచ్చినాది. పొద్దున పోయినారంట సారు. నిద్రలోనే అంట," అన్నాడు మునిరత్నం.

ఇద్దరం గోడ నీడన చాలాసేపు నిలబడ్డాం. ఆ రోజు ఇంకే బండీ ముట్టుకోలేదు.

చదువుతున్న మీలో ఎక్కువమందికి ఆయన తెలిసుండరు. గుద్దుకున్న బండ్లకు సొట్టలు తీసి రంగు వేయడం ఆయన పని. ఆ పనిని మాలాంటివాళ్ళకు నేర్పడం ఆయన ఉద్యోగం. హోసూరు ఊరి చివర మా శిక్షణ కేంద్రం ఒక పొడవాటి రేకుల షెడ్డు. నేను కంపెనీలో కుట్టుపని మానేసి, మా ఊరు జవళగిరి నుంచి బస్సెక్కి మొదటిరోజు అక్కడికి వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. తలుపులు తెరిచి ఉండటంతో అది లోపలికి కూడా వచ్చేసింది. తలుపులు లేని కార్లు, ముక్కు ఊడిన ఆటోలు మంచులో పడుకున్న పశువుల్లా కనిపించాయి. వాటి మధ్య ఒక సన్నటి మనిషి, భుజాన పాత బనీను గుడ్డ వేసుకుని, ఒక కారు లోపలికి వంగి ఏదో వెతుకుతున్నారు. కాసేపటికి విరిగిన గాజు ముక్కలు, చిన్నపిల్ల చెప్పు ఒకటి బయటికి తీశారు. చెప్పును తుడిచి కిటికీ మీద పెట్టారు.

"బండిదారు వస్తే ఇచ్చేయల్ల," అన్నారు, మాకు కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు. తర్వాత మా వైపు తిరిగారు. "ఈడికి వచ్చే బండ్లన్నీ ఎవరో ఒకరు భయపడిన బండ్లే. లోపల కూచున్నోళ్ళు ఆ పొద్దు దేవుణ్ణి తలుచుకునింటారు. అందుకని మెల్లగా ముట్టుకోండి. సుత్తి తర్వాత."

అదే మాకు మొదటి పాఠం.

ఆ షెడ్డులో గడిచిన నెలలు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో చూసినట్టే ఉంటాయి. పైకప్పులోని మసక రేకుల గుండా వెలుతురు పాలలాగా దిగేది. సొట్టలు పూడ్చిన పుట్టీ అరగదీస్తే లేచిన తెల్లటి పొడి అందులో తేలుతూ ఉండేది. అందరి జుట్టూ కనుబొమ్మలూ నెరిసిపోయేవి. పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా ముసలివాళ్ళలా కనిపించేవారు. సార్ ఆ పొడిలో నడుస్తూ ఒక్కొక్కరి మాస్కూ సరిచేసేవారు. ఆయన చిన్నప్పుడు మాస్కు అన్నది లేదట. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఏళ్ళ తరబడి రంగులు కొట్టారు. "ఊపిరిలో రంగు ఎందుకమ్మా, అది రేకు మీద ఉండాల్సింది," అని నవ్వేవారు. నవ్వు చివర దగ్గు వచ్చేది.

సొట్టను కళ్ళతో వెతకనిచ్చేవారు కాదు. కళ్ళు మూసుకుని అరచేతిని రేకు మీద పొడుగునా జరపమనేవారు. మొదట్లో నాకేమీ తెలిసేది కాదు. రేకు చల్లగా ఉందని తప్ప. ఒకనాడు ఉన్నట్టుండి చెయ్యి కిందికి దిగినట్టు, నీళ్ళలో అడుగు పెట్టినట్టు అనిపించింది. కళ్ళు తెరిచాను. చూస్తే ఏమీ లేదు. మళ్ళీ మూసుకుంటే ఉంది.

"దొరికిందా?" అన్నారు సార్ పక్కనుంచి.

"దొరికింది సార్."

"సరే. ఇంక అది నిన్ను విడవదు."

నేను ఆయన గురించి రాయాలనుకున్నది మాత్రం మా నాయన సంగతి.

మా నాయన వ్యాన్‌లో కూరగాయలు హోసూరు మార్కెట్టుకు తోలేవాడు. ఒకరోజు తెల్లవారుతుండగా, అడవి మలుపులో, మంచులోనుంచి ఏనుగు వచ్చింది. నాయన బండి ఆపి, లైట్లు ఆర్పి, కదలకుండా కూర్చున్నాడు. అది పక్కకు వచ్చి తల ఆనించింది. వ్యాన్ మెల్లగా ఒరిగి గుంతలోకి జారింది. తర్వాత ఏనుగు క్యాబేజీలు తింటూ అక్కడే ఉంది. దాని ఊపిరికి కిటికీ అద్దం తెల్లబడిందట. వెలుతురు వచ్చాక అది వెళ్ళిపోయింది. నాయనకు ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి స్టీరింగ్ పట్టుకోలేదు. వ్యాన్‌ను ఈడ్చుకొచ్చి ఇంటి పక్కన నిలబెట్టి, టార్పాలిన్ పట్టా కప్పాం. దాన్ని చూడాల్సి వస్తుందని నాయన పెరటి దోవన తిరిగేవాడు. మాటలు తగ్గిపోయాయి. తింటూ తింటూ చెయ్యి ఆపి ఎటో చూసేవాడు. మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే అయ్యాడు.

షెడ్డులో నా సుత్తి దెబ్బ గట్టిగా పడుతోందని సార్ కనిపెట్టి అడిగారు. చెప్పాను. ఆదివారం నాడు సార్ మా ఊళ్ళో బస్సు దిగారు.

అమ్మ పెట్టిన సంగటి తిన్నారు. వానల గురించి, రాగి పంట గురించి మాట్లాడారు. బండి మాట ఎత్తలేదు. తర్వాత లేచి, పట్టా తీసి, సొట్ట ముందర గొంతుక్కూర్చున్నారు. కళ్ళు మూసుకుని అరచేతిని దాని మీద చాలాసేపు తిప్పారు. నాయన దూరంగా అరుగు మీద కూర్చుని ఇటు చూడకుండా చూస్తున్నాడు.

"అన్నా, అది కొట్టలేదు," అన్నారు సార్.

సార్ సొట్ట అంచును వేలితో చూపించారు.

"కొట్టింటే రేకు మడతపడి చిరిగిపోయింటుంది. ఈడ చూడు, యాడా చీలిక లేదు. గిన్నె మాదిరి లోపలికి పోయినాది. తల ఆనించి తోసింది, అంతే. దోవలో అడ్డం ఉండావని పక్కకు జరిపినాది. దానికి నీ మీద కోపం లేదన్నా."

నాయన లేచాడు. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి వ్యాన్ దగ్గరికి వచ్చి, సార్ చెయ్యి తీసిన చోట తన చెయ్యి పెట్టాడు.

"దాని ఊపిరి తగిలినాది సార్ నాకు," అన్నాడు. "వేడిగా."

"తగిలింటుంది," అన్నారు సార్. ఇద్దరూ అక్కడే కూర్చుండిపోయారు. నాయన భుజాలు కదులుతున్నాయి. అమ్మ నన్ను లోపలికి పిలిచింది.

వ్యాన్‌ను షెడ్డుకు ఈడ్చుకొచ్చాం. సార్ నాయనను బండి లోపల కూర్చోబెట్టి, డాలీ అనే ఇనుప దిమ్మ చేతికిచ్చారు. సొట్టకు లోపలివైపు దాన్ని ఒకరు ఆనిస్తే, ఇంకొకరు బయటినుంచి సుత్తితో తట్టాలి. "నువ్వు లోపల పట్టుకో అన్నా. నీ బిడ్డ బయట తడుతుంది. బిగబట్టొద్దు, ఊరికే ఆనించు, చాలు." నేను తట్టాను. రేకుకు అటువైపు నాయన చెయ్యి ఉందని ప్రతి దెబ్బకూ తెలిసేది. మొదట డాలీ కుదురుగా నిలిచేది కాదు. దెబ్బ పక్కకు జారేది. మధ్యాహ్నానికి నిలకడ పడింది. టక్, టక్ అన్న ఆ చప్పుడే షెడ్డంతా తిరిగింది. సాయంత్రానికి గిన్నె పళ్ళెమైంది. మర్నాటికి పళ్ళెం కూడా పోయింది.

రంగు సార్ స్వయంగా కలిపారు. వ్యాన్ నీలం, కానీ ఏళ్ళ ఎండకు వెలిసిపోయిన నీలం. డబ్బాలోది వేస్తే సరిపోదని కాస్త తెలుపు, చుక్క నలుపు, ఇంకేదో మట్టి రంగు కలిపి, అట్టముక్క మీద పూసి, ఎండలోకి నీడలోకి తిరిగారు. "కొత్త నీలం ఏస్తే ఈ పక్క మాత్రం నిన్న పుట్టినట్టు ఉంటుంది. ఎండను కూడా కలపల్లమ్మా," అన్నారు.

బండి ఆరాక తాళం నాయన చేతిలో పెట్టారు. నడపమని అనలేదు. నాయన కొంతసేపు తాళం తిప్పుతూ నిలబడి, "ఇంటికి పోదామా పాపా?" అని నన్నడిగాడు. జవళగిరి దాకా మెల్లగా తోలాడు. ఆ మలుపు దగ్గర ఇంకా మెల్లగా.

తర్వాతి ఏళ్ళలో సార్‌కు ఊపిరి అందడం కష్టమై, ఉద్యోగం వదిలి సొంతూరు సామల్పట్టి చేరారు. వెళ్ళినప్పుడల్లా ముందు నా గోళ్ళు చూసేవారు. అంచుల్లో మిగిలిన రంగును బట్టి, "ఈ వారం ఎర్రబండా?" అనేవారు. ఆఖరిసారి చూపు ఆనక నా వేళ్ళను చేతిలోకి తీసుకుని, "నువ్వే చెప్పు," అన్నారు. వెండి రంగు అని చెప్పాను. "వెండి కష్టం. అది వెలుతురు యాడుంటే ఆడికి పోతుంది," అన్నారు. నా చెయ్యి వదల్లేదు. ఆయన ఊపిరి చప్పుడు వింటూ అలాగే కూర్చున్నాను. మా నాయనకు చేసినదానికి థ్యాంక్స్ చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. ఆ పూట చెప్పాను. "నాకెందుకమ్మా, తట్టింది నువ్వు గదా," అన్నారు.

ఆఖరి చూపుకు సామల్పట్టికి నన్నూ మునిరత్నాన్నీ నాయనే వ్యాన్ తోలి తీసుకెళ్ళాడు. ఏయే ఏళ్ళలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళో ఎవరెవరో వచ్చారు. అన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. తిరుగుదారిలో కృష్ణగిరి దాటాక, హైవేకు అటువైపు, హోసూరు నుంచి కొత్త లారీ చాసిస్‌లు వరుసగా ఎదురొచ్చాయి. ఇంకా బాడీ కట్టనివి. తలుపుల్లేవు, కప్పు లేదు, రంగు లేదు. ఉత్త ఇనుప దూలాలు, చక్రాలు, ముందు చెక్క సీటు మీద ఒక్కో మనిషి. గాలికి కళ్ళు చిట్లించుకుని, తలకు చుట్టుకున్న తువ్వాళ్ళ కొసలు వెనక్కి ఎగురుతుండగా, నారింజ రంగు వెలుతురులో వాళ్ళు ఒకరి వెనుక ఒకరు మా పక్కనుంచి సాగిపోయారు. అందరికన్నా వెనక వస్తున్న డ్రైవరు నాయనను చూసి చెయ్యెత్తాడు.