నాచిముత్తు చెవికడ్డీ

నాచిముత్తు మాస్టారికి చెవులు పోయాయన్న సంగతి భార్య వళ్లియమ్మాళ్‌కొక్కదానికే తెలుసు అనడం అబద్ధం. పీళమేడులో వాళ్ల వీధి వీధంతటికీ తెలుసు. ఆవిడ ఆయన్ని కాఫీకి కేకేసి పిలిస్తే, "మమ్మల్నే పిలిచావనుకున్నాం అక్కా" అంటూ పక్కింటివాళ్లు ఏడిపించేవారు. తెలియనిదల్లా ఆయన పాఠాలు చెప్పే మోటార్ల శిక్షణ కేంద్రానికే.

నూలుమిల్లులో అన్నేళ్లూ చెవిలో దూదైనా పెట్టుకోకుండా పనిచేశాడు. పెట్టుకుంటే మోటారు చెప్పేది వినపడదని మొండితనం. మిల్లు మూతపడ్డాక, మోటార్ల జబ్బులు కనిపెట్టడం పిల్లలకు నేర్పే పని దొరికింది. పొడుగాటి ఇనప కడ్డీ ఒక కొన బేరింగు మీద ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినడం ఆయన విద్య. "వినపడనిది వినపడిందని అన్నావో, మోటారు కాలుద్ది, పక్కనోడి చెయ్యీ పోద్ది" అని ప్రతి జట్టుకీ చెప్పేవాడు. ఆయనకున్న గౌరవమంతా ఆ ఒక్క మాటదే.

చెవి నరం చచ్చిపోయింది, ఏ వినికిడి మిషనూ పనికిరాదన్నాడు డాక్టరు.

"కేంద్రంవాళ్లకి చెప్పెయ్యండి" అంది వళ్లియమ్మాళ్, ఎదురుగా నిలబడి, పెదాలు విప్పి విప్పి.

"చెప్తే ఇంట్లో కూర్చోబెడతారు. పొద్దస్తమానం నీ అరుపులు వింటూ కూర్చోనా?"

"వినపడితే కదా!" అని నవ్వబోయి ఏడ్చింది.

ఆయుధపూజకు ఆపిన యంత్రాలను విజయదశమి పొద్దున్న తిప్పుతారు. కొత్త పిల్లలకు ఆ రోజే మొదటి పాఠం. గురువు ముందు విని చెప్పాలి, తర్వాత కడ్డీ శిష్యుల చేతికివ్వాలి. ఒకే ఇనప బల్ల మీద చందనం బొట్లతో రెండు మోటార్లు తిరుగుతున్నాయి. నాచిముత్తు కళ్లు మూసుకుని ఎడమ మోటారు మీద కడ్డీ ఆనించాడు. చేతికి అదురు తగిలింది. దాన్నే నమ్ముకుని మొదలుపెట్టాడు.

"ఎంత నున్నగా తిరుగుతోందో! నూనె పోస్తున్నట్టు లేదూ?"

ఆ మోటారు అప్పటికే కీచుమని అరుస్తోంది. పిల్లలు ఉలిక్కిపడ్డారు. ముందు నిలబడిన తులసిమణి చటుక్కున వెళ్లి దాన్ని ఆపేసింది. కుడి మోటారు తిరుగుతుండడంతో బల్ల అదురుతూనే ఉంది. మాస్టారు చెబుతూనే ఉన్నాడు.

"ఎవరన్నా చెప్పండ్రా" అందామె గొంతు తగ్గించి.

"పండగపూట గురువుకి ఎదురు చెప్తామా? ఊరుకో" అన్నాడు పక్కనున్న మరుదాచలం.

నాచిముత్తు కళ్లు తెరిచాడు. ఇరుసు కదలడం లేదు. తులసిమణి చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. ఒక్కరైనా నిజం చెబితే చాలు, తన పాఠం బతికినట్టే అనుకుని, కడ్డీ మరుదాచలం చేతికిచ్చాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు. ఏం వినపడతాంది?"

మరుదాచలం ఆగిపోయిన మోటారు మీద కడ్డీ ఆనించి, భక్తిగా కళ్లు మూసుకున్నాడు. "నూనె పోస్తున్నట్టుంది సార్."

తర్వాతి వాడూ అదే అన్నాడు. ఆ తర్వాతి వాడూ అంతే. నాచిముత్తు వాళ్ల పెదాలు చూస్తూ నిలబడ్డాడు. చెవులు పోయినందుకు కూడా ఆయన ఇంత బాధపడలేదు. ఇన్నేళ్లూ వద్దు వద్దన్న అబద్ధాన్ని మొదటి రోజే తన చేతులతో నేర్పేశాడు.

చివరికి కడ్డీ తులసిమణి చేతికి వచ్చింది. ఆమె చాలాసేపు విన్నది. తలెత్తి, మాస్టారి చూపు తన పెదాల మీదే ఉండడం చూసేసరికి కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

"మీరు చెప్పినట్టే ఉంది సార్" అని, వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది.