పికా పళ్లు

జంతువుల మ్యూజియంలో అద్దాలు తుడిచే ఆమెను అందరూ అద్దాలత్త అంటారు. వివరాలు చెప్పే ఉద్యోగం అడిగితే, చదువు లేదన్న సాకుతో రెండుసార్లు తిప్పి పంపారు. మొన్న కొత్తగా వచ్చిన అధికారి, పికా అనే చిన్న కొండజంతువును ఎలుకల బీరువాలోకి మార్చమన్నాడు.

"అది కుందేళ్ల చుట్టం సారూ," అందామె.

"ఆ చిట్టి చెవులకా? నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లా అత్తా?"

"కాళ్లెందుకు, పళ్లు చూడండి." పక్కనున్న పుర్రెలు తిప్పి చూపింది. పికాకూ కుందేలుకూ పై ముందుపళ్ల వెనక మరో బుల్లి జత ఉంది. ఎలుకకు లేదు.

"మరి ఈ రెండు కుందేళ్లూ ఒకటేగా?" ఆయన బింకం సడలకుండా పక్క బీరువా చూపించాడు.

"పేరే ఒకటి సారూ. ఇది బొరియ కుందేలు, పిల్లలు బోడిగా, కళ్లు మూసుకుని పుడతాయి. అది బయలు కుందేలు, పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. అధికారుల్లోనూ రెండు రకాలుంటారు!"

ఆయన నవ్వేశాడు. "నేను ఏ రకమో అడగనులే. రేపు బడిపిల్లలకు నువ్వే చెప్పు."

"చెప్తా. ముందు నా కార్డు మీద 'తుడుపు' కొట్టేసి 'వివరణ' అని రాయండి."

ఆయన కలం తీసి రాసేదాకా ఆమె తుడుపుగుడ్డ ముట్టలేదు. రాశాక ముట్టాల్సిన పనే లేకపోయింది.